పెరిగిన ఎముక కాదు, జరిగిన ఎముక

ఒక తెల్లకాగితం నేల మీద పరిచి, దాని మీద చెప్పుల్లేకుండా నిలబడండి. కూర్చుని పాదం ఆనించడం కాదు, ఒంటి బరువు పాదం మీద పడేట్టు నిలబడాలి. ఇంట్లో ఇంకొకరి చేత పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీయించుకోండి. ఇప్పుడు మీరు ఆఫీసుకో పెళ్లిళ్లకో వేసుకెళ్లే బూటుని తెచ్చి ఆ గీత మీద పెట్టి చూడండి. చాలామందికి, ముఖ్యంగా ముందుభాగం సన్నగా ఉండే చెప్పులు వేసుకునే ఆడవాళ్లకి, వేళ్ల దగ్గర గీత బూటుకి బయటే కనిపిస్తుంది. అంత వెడల్పు పాదం ఇంత ఇరుకు బూటులోకి రోజూ ఎలా పోతోంది? వేళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, నోరెత్తకుండా సర్దుకుంటున్నాయి కాబట్టి పోతోంది.

ఆ గీతలోనే ఇంకో సంగతి కూడా చూడండి. మడమ నుంచి బొటనవేలి కొస దాకా పాదం లోపలి అంచు, అరికాలి వంపు దగ్గర తప్ప, ఇంచుమించు తిన్నగా సాగాలి. కొందరిలో ఆ అంచు బొటనవేలి మొదట్లో ఉసిరికాయంత బొడిపెలా ఉబికి, అక్కణ్ణించి వేలు రెండో వేలి మీదికి వాలిపోయి ఉంటుంది. ఆ బొడిపెని ఇంగ్లీషులో బన్యన్ అంటారు. మన పత్రికల్లో బునియన్ అని రాస్తుంటారు. డాక్టర్ల చీటీలో హాలక్స్ వాల్గస్ అని ఉంటుంది. బొటనవేలు బయటికి వాలడం అని దాని అర్థం. మన ఇళ్లలో మాత్రం దీనికి ఒకటే మాట: "కాలి ఎముక పెరిగింది."

మా పెద్దమ్మకి రెండు పాదాలకీ ఇది ఉండేది. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మొట్టమొదట అడిగింది, "బాబూ, ఈ పెరిగినదాన్ని కాస్త గీకేస్తే పోదూ?" అని. ఆయన ఎక్స్‌రే ఫిల్ముని వెలుగుకి పట్టుకుని, "ఇందులో పెరిగింది ఏమీ లేదమ్మా. మీ ఎముకే పక్కకి జరిగింది" అన్నారు. పెరగడం, జరగడం. తేడా ఒక్క అక్షరమే కానీ, ఈ జబ్బుకి చేసే వైద్యమంతా ఆ అక్షరం మీదే ఆధారపడి ఉంది. పెద్దమ్మ పడ్డ పొరపాటే సర్జన్లు కూడా చాలా ఏళ్లు పడ్డారు.

పాదంలో 26 ఎముకలుంటాయి. చీలమండ వైపు నుంచి వేళ్ల వైపుకి ఐదు పొడుగాటి ఎముకలు విసనకర్ర ఈనెల్లా పరుచుకుని ఉంటాయి. వీటిని మెటాటార్సల్స్ అంటారు. బొటనవేలికి దారి తీసే మొదటిది అన్నిటిలోకీ పొట్టిది, అన్నిటిలోకీ లావుది. దాని ముందుకొస గుండ్రంగా తలకాయలా ఉంటుంది. ఆ తలకి ఆనుకుని బొటనవేలి ఎముక కీలులా వంగుతుంది. తల అడుగున, అరికాలి వైపు, శనగగింజలంత ఎముకలు మరో రెండు ఉన్నాయి. వీటి పేరు సెసమాయిడ్లు, అంటే నువ్వుగింజల్లాంటివని. తల కింద రెండు గాడులు, నడుమ సన్నటి గట్టు ఉంటాయి. ఈ రెండు గింజలూ ఆ గాడుల్లో, పట్టాల మీద చక్రాల్లా, వేలు వంగినప్పుడల్లా వెనక్కీ ముందుకీ జారుతుంటాయి.

ఈ నిర్మాణంలో ఒక బలహీనత ఉంది. మొదటి మెటాటార్సల్ తలకి నేరుగా ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. కండరాల కొసలన్నీ దాన్ని దాటి ముందుకెళ్లి వేలి ఎముకకే అంటుకుంటాయి. అంటే ఆ తల, చుట్టూ కట్టిన మోకులు సమంగా లాగుతున్నంత కాలమే తిన్నగా నిలబడే గుడారపు రాట లాంటిది. రాట గట్టిదే కావచ్చు. కానీ ఒక వైపు మోకు సడలితే అది తనంతట తాను నిలవలేదు.

బొటనవేలు ఏదో కారణంగా రెండో వేలి వైపు కాస్త ఒరిగిందనుకుందాం. అది తన వెనకున్న మెటాటార్సల్ తలని ఎదురు దిక్కుకి నెడుతుంది. లోపలి అంచున ఉన్న లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ, సాగిపోతుంది, అవతలి వైపుది కుంచించుకుపోతుంది. వేలిని ఎత్తే టెండను, వంచే టెండను, అంటే కండరాల కొస తాళ్లు, కీలుకి నడిమధ్యగా పోవలసినవి. ఇప్పుడవి పక్కకి తప్పుకుంటాయి. వింటికి నారి ఎక్కించి లాగితే విల్లు వంగినట్టు, ఆ టెండన్లు బిగిసినప్పుడల్లా వేలు ఇంకాస్త వాలుతుంది. వేలిని తిన్నగా పట్టి ఉంచాల్సిన కండరం కూడా కిందికి జారిపోయి, నిలబెట్టే పని మానేసి, వేలిని మెలితిప్పడం మొదలుపెడుతుంది. ముదిరిన కేసుల్లో బొటనవేలి గోరు పైకి కాకుండా రెండో పాదం వైపు తిరిగి ఉండేది అందుకే. ఒకసారి మొదలైన వంకర ఆగకుండా పెరుగుతూ పోవడానికి కారణం ఇదే. కొత్త దెబ్బేదీ తగలనక్కర్లేదు, నడక చాలు.

ఎక్స్‌రేలో సెసమాయిడ్లు పట్టాలు తప్పి పక్కకి పోయినట్టు కనిపిస్తాయి. నిజానికి అవి పక్క ఎముకలకి గట్టి పట్టీలతో కట్టుబడి దాదాపు తమ చోటనే ఉంటాయి. వాటి మీద నుంచి జారిపోయింది మెటాటార్సల్ తలకాయే. మనం చేత్తో తడిమే ఆ బొడిపె, చాలా మటుకు, అలా జారిన తలకాయ. చెప్పు రాపిడికి దాని మీద చర్మం దళసరి అవుతుంది. చర్మానికీ ఎముకకీ నడుమ బర్సా అనే చిన్న నీటితిత్తి వాచి ఎర్రబడుతుంది. ఎముక అంచు కూడా కాస్త మందం కావచ్చు. కానీ అసలు బొడిపె కొత్తగా మొలిచింది కాదు, పుట్టినప్పటినుంచీ ఉన్న ఎముకే.

బొటనవేలు వాలితే పోయేది అందం ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, పాదం నేలకి ఆనించి, చేత్తో బొటనవేలిని మాత్రం పైకి ఎత్తి చూడండి. అరికాలి వంపు దానంతట అదే పైకి లేస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాల్లో పరుచుకున్న బలమైన పట్టీ, వేలు పైకి లేచినప్పుడు బావి గిలక చుట్టూ తాడు చుట్టుకున్నట్టు మెటాటార్సల్ తల చుట్టూ చుట్టుకుని బిగుస్తుంది. జె. హెచ్. హిక్స్ అనే బ్రిటిష్ సర్జన్ 1954లో ఈ ఏర్పాటుని వివరించాడు. అడుగు ముందుకి వేసేటప్పుడు మెత్తగా ఉన్న పాదం క్షణంలో గట్టి మీటగా మారి ఒంటిని ముందుకి తోసేది దీని వల్లనే. గిలక పక్కకి ఒరిగితే తాడు సరిగా బిగియదు. బొటనవేలు మోయాల్సిన బరువు రెండో, మూడో వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. అక్కడ అరికాల్లో ఆనెకాయలు వస్తాయి. రెండో వేలు చోటు చాలక కొక్కెంలా వంగి పైకి లేస్తుంది. "ఎముక దగ్గర నొప్పి లేదు డాక్టరుగారూ, దాని పక్కనే అరికాలు మండుతోంది" అని చెప్పే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నేరం ఒక చోట, శిక్ష ఇంకో చోట.

ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది

చాలా దేశాల సర్వేలని కలిపి 2010లో వేసిన ఒక లెక్క ప్రకారం 18 నుంచి 65 ఏళ్ల వాళ్లలో సుమారు 23 శాతానికీ, 65 దాటిన వాళ్లలో సుమారు 36 శాతానికీ ఈ వంకర ఎంతో కొంత ఉంది. ఆడవాళ్లలో మగవాళ్ల కంటే రెండింతలు పైనే. అందరికీ నొప్పి ఉండదు. పాదం వంకరగా ఉండి ఏ బాధా లేకుండా ఎనభై ఏళ్లు నడిచిన వాళ్లున్నారు.

కారణం అడిగితే తల్లి పోలికంటారు కొందరు, చెప్పులంటారు కొందరు. రెండూ నిజమే. ఈ సమస్య ఉన్న వాళ్ల ఇళ్లలో తల్లికో అమ్మమ్మకో కూడా ఉండటం చాలా మామూలు. అయితే కుటుంబంలో దిగివచ్చేది బొడిపె కాదు, పాదం తీరు: లిగమెంట్లు వదులుగా ఉండటం, మెటాటార్సల్ మొదట్లో కీలు ఎక్కువగా కదలడం, తల మరీ గుండ్రంగా ఉండటం. ఆ తీరున్న పాదాన్ని ఇరుకు బూటులో పెడితే మిగతా పని బూటు చేస్తుంది.

చెప్పుల పాత్ర ఎంతో తేల్చడానికి, చెప్పులు వేసుకునే వాళ్లూ వేసుకోని వాళ్లూ పక్కపక్కనే బతికే చోటు కావాలి. 1958లో హాంకాంగ్‌లో అలాంటి పరిశీలన జరిగింది. బూట్లు వేసుకునే చైనీయుల్లో 33 శాతం మందికి బొటనవేలు వాలి ఉంటే, ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2 శాతం కూడా లేదు. 1960లలో అట్లాంటిక్ మహాసముద్రంలోని సెయింట్ హెలీనా ద్వీపంలో జరిగిన సర్వే కూడా ఇదే చెప్పింది: బూట్లు వేసుకున్న ఏళ్లు పెరిగే కొద్దీ వంకర ఉన్నవాళ్లు పెరిగారు, ఆడవాళ్లలో మరీ ఎక్కువగా. అయినా ఒట్టి కాళ్ల వాళ్లలో ఆ కొద్దిమంది ఉన్నారు చూడండి, వాళ్ల పాదాలకి బూటుతో పనిలేకుండానే వచ్చింది. అందుకే "నీ ఫ్యాషన్ చెప్పుల వల్లే" అని ఇంట్లో ఆడపిల్లని తిట్టడం సగం అన్యాయం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సాక్ష్యం ఇంగ్లండులో మట్టి కింద దొరికింది. కేంబ్రిడ్జిలోనూ దాని పరిసరాల్లోనూ నాలుగు పాత శ్మశానాల్లో బయటపడ్డ 177 అస్థిపంజరాల పాదాలని అక్కడి పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. 11 నుంచి 13వ శతాబ్దాల నాటి అస్థిపంజరాల్లో 6 శాతానికే ఈ వంకర కనిపించింది. 14, 15 శతాబ్దాల వాటిలో 27 శాతానికి. రెండు మూడు వందల ఏళ్లలో మనుషుల రక్తం మారిపోదు కదా. మారింది బూటు. 14వ శతాబ్దంలో ఐరోపాలో పూలేన్ అనే బూట్ల మోజు పుట్టింది. వాటి మొన పొడుగ్గా, సూదిగా సాగి ఉండేది. ఎంత మొన ఉంటే అంత హోదా. చివరికి 1463లో రాజు నాలుగో ఎడ్వర్డ్, లండన్‌లో బూటు మొన రెండు అంగుళాలు మించకూడదని చట్టం తెచ్చాడు. ఆ శ్మశానాల్లోనూ తేడా ఉంది. పల్లెటూరి శ్మశానంలో 3 శాతం, పట్టణంలోని పేదలదాంట్లో 10 శాతం, ధర్మాసుపత్రి ఆవరణలో 23 శాతం, సంపన్నులనీ సన్యాసులనీ పూడ్చిన మఠంలో 43 శాతం. మతాధికారులు మొనదేలిన బూట్లు వేసుకోకూడదని చర్చి 1215లోనే ఆంక్ష పెట్టినా, ఆ సన్యాసుల పాదాలు వేరే కథ చెబుతున్నాయి. ఇంకో విషయం: 45 దాటి చనిపోయిన వాళ్లలో, బొటనవేలు వాలిన వాళ్లకి పడిపోతే విరిగే తరహా ఎముకల విరుగుళ్లు ఎక్కువగా కనిపించాయి. బొటనవేలు పట్టు తప్పితే మనిషి తూలుతాడు. ముసలివాళ్ల పాదాలని ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడం ఎంత తప్పో ఆ ఎముకలు చెబుతున్నాయి.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి చెప్పాలి. మణిపాల్ డాక్టర్లు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 1992లో 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించిన నివేదిక ప్రచురించారు. అది చదునుపాదాల గురించి, బొటనవేలి గురించి కాదు. బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదునుపాదం ఉంటే, ఒట్టి కాళ్ల పిల్లల్లో 2.8 శాతానికే ఉంది. శాండల్సూ స్లిప్పర్లూ వేసుకునే పిల్లల పరిస్థితి, ముందువైపు మూసుకుపోయిన బూట్ల వాళ్లకంటే మెరుగు. పిల్లల పాదం ఏడాదిలోనే పెరిగిపోతుంది, బడి బూట్లు మాత్రం ఏడాదంతా అవే. జూన్‌లో కొన్న బూటు జనవరిలో ఎక్కడ నొక్కుతోందో వేలు పెట్టి చూసే తల్లిదండ్రులు తక్కువ. అమ్మాయిల్లో పన్నెండు, పదమూడేళ్లకే ఈ వంకర కనిపించిన కేసులున్నాయి. ఆ వయసులో మెటాటార్సల్ మొదట్లో ఎముక పెరిగే పొర ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి, పెరుగుదల ఆగే దాకా ఆపరేషన్‌ని సాధారణంగా వాయిదా వేస్తారు.

కత్తికి ముందు

బొటనవేలి మొదట్లో కీలు దగ్గర నొప్పి వచ్చిందల్లా బన్యన్ కాదు. రాత్రికి రాత్రి కీలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరడం వల్ల వచ్చేది అది. దానికి మందులు వేరు. వేలు తిన్నగానే ఉండి పైకి వంగకపోతే కీలు అరిగినట్టు. రెండు చేతుల వేళ్లూ పొద్దున్నే బిగుసుకుంటుంటే రుమటాయిడ్ కీళ్లవాతం గురించి ఆలోచించాలి. ఇక షుగరు ఉన్నవాళ్ల సంగతి. వాళ్లలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గి ఉంటుంది. బొడిపె మీద చెప్పు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. వాళ్లకి నొప్పి లేకపోవడం శుభవార్త కాదు. రోజూ రాత్రి పాదాలు కళ్లతో చూసుకోవాలి, లేదా ఇంట్లో వాళ్లు చూడాలి.

నొప్పి బన్యన్‌దే అని తేలాక మొదటి మందు చెప్పుల కొట్టులో ఉంది. వేళ్ల దగ్గర వెడల్పుగా, మెత్తగా, మడమ ఎత్తు తక్కువగా ఉన్నవి కావాలి. ఎత్తు మడమ ఉంటే పాదం వాలు మీద బండిలా ముందుకి జారి, వేళ్లని మొనలోకి కుక్కుతుంది. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బన్యన్ పాదమే సాధారణంగా పెద్దది కాబట్టి ఆ పాదానికే తొడిగి, నిలబడి చూడాలి. వేళ్ల మధ్య పెట్టే మెత్తటి సిలికాన్ దిండ్లు రాపిడిని తగ్గిస్తాయి. రాత్రి కట్టుకునే పట్టీల గురించి ఆన్‌లైన్‌లో చాలా గొప్పగా రాస్తారు. పెద్దవాళ్లలో వంగిన వేలిని అవి శాశ్వతంగా తిన్నగా చేస్తాయనడానికి ఆధారం లేదు. కట్టుకున్నంతసేపూ హాయిగా ఉంటే కట్టుకోండి, వేలు మారుతుందని మాత్రం డబ్బు పోయకండి.

ఇవన్నీ చేశాక కూడా నడక కష్టమవుతుంటే అప్పుడు ఆపరేషన్ మాట. ఫిన్లాండ్‌లో 209 మందిని చీటీ వేసినట్టు మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి బూటులో పెట్టుకునే ఆసరా అట్టలు ఇచ్చి, మూడో గుంపుని ఊరికే గమనించారు. 2001లో వచ్చిన ఫలితాల్లో, ఏడాది తర్వాత ఆపరేషన్ గుంపే మిగతా రెండిటి కంటే బాగుంది. అట్టలు మొదటి ఆరు నెలలూ ఊరటనిచ్చాయి గానీ అది నిలవలేదు. అంటే సరైన మనిషికి ఆపరేషన్ పనిచేస్తుంది. కానీ పాదం అందంగా కనపడాలనో, ముందుముందు ముదురుతుందేమో అనో, నొప్పి లేని పాదం మీద కత్తి పెట్టించుకోవడం నాకు సమ్మతం కాదు. ఎముకల డాక్టర్లలో ఎక్కువమంది అభిప్రాయమూ ఇదే.

ఆ నిర్ణయానికి ముందు ఎక్స్‌రే ఎలా తీశారో చూడండి. బల్ల మీద పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంకర అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. నిలబెట్టి తియ్యాలి. అందులో సర్జను రెండు కోణాలు కొలుస్తారు. బొటనవేలు మెటాటార్సల్‌తో చేసే కోణం 15 డిగ్రీల లోపు, మొదటి రెండు మెటాటార్సల్స్ నడుమ కోణం 9 డిగ్రీల లోపు ఉంటే మామూలు. వేలి కోణం 20 నుంచి 40 వరకూ ఉంటే మధ్యస్థం, 40 దాటితే తీవ్రం. ఈ రెండు అంకెలే చాలా మటుకు ఏ ఆపరేషన్ చెయ్యాలో నిర్ణయిస్తాయి.

వడ్రంగి నుంచి నేర్చుకున్న కోత

సర్జన్లు చాలా ఏళ్లు పొరపాటు పడ్డారన్నాను కదా, అది ఎముక జరిగిందన్న ఎరుక లేక కాదు. జర్మన్ సర్జన్ కార్ల్ హ్యూటర్ 1870 ప్రాంతంలోనే హాలక్స్ వాల్గస్ అన్న పేరు పెట్టి, ఇది వేలి వంకర అని చెప్పాడు. అయినా బొడిపెని చెక్కేసి కుట్టెయ్యడం చాలా కాలం సాగింది. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ వచ్చేది. వాలిన రాటని నిలబెట్టకుండా, బయటికి వచ్చిన వైపు చెక్కితే ఏమవుతుంది? రాట ఇంకా వాలుతుంది. 1881లో జెనీవాలో జాక్ లూయీ రెవెర్డిన్ బొడిపెతో ఊరుకోకుండా మెటాటార్సల్ మెడ దగ్గర ఎముకనే చీలికలా కోసి తీసి, దిశ మార్చాడు. ఆలోచన మలుపు తిరిగింది అక్కడే. అమెరికా సైన్యంలో సర్జన్ అయిన విలియం కెల్లర్ 1904లో వేరే దారి పట్టాడు. వేలి ఎముక మొదటి భాగాన్నే తీసేశాడు. నొప్పి పోయింది, కానీ వేలు పొట్టిదై, పట్టు లేకుండా ఊగిసలాడింది. పెద్దగా నడవని ముసలివాళ్లకి తప్ప ఇప్పుడు దాన్ని అరుదుగా చేస్తారు. 1934లో న్యూయార్క్‌లో పాల్ లాపిడస్, వంకరకి మూలం మెటాటార్సల్ వెనకకొస కీలులో ఉందని వాదించి, ఆ కీలుని తిన్నగా చేసి అతికేసే ఆపరేషన్‌ని ప్రచారంలోకి తెచ్చాడు. డేల్ ఆస్టిన్ 1962లో తల దగ్గర ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో కోసి, తలని పక్కకి జరిపే పద్ధతి మొదలుపెట్టాడు. దాన్ని షెవ్రాన్ అంటారు. ఇలా ఈ ఒక్క సమస్యకి వందకి పైగా ఆపరేషన్లు పుట్టాయి. అంత సంఖ్య చూసి భయపడక్కర్లేదు. పాదాలు అన్ని రకాలుగా ఉన్నాయి మరి.

వీటిలో ఏది ఎందుకో తెలియడానికి తలుపుని ఊహించుకోండి. బందు దగ్గర కొద్దిగా కదిపితే తలుపు కొస చాలా దూరం కదులుతుంది. కొస దగ్గర అంత దూరం రావాలంటే, అంత దూరమూ జరపాల్సిందే. మెటాటార్సల్ తల దగ్గర కోసి పక్కకి జరిపితే సుమారుగా ఒక మిల్లీమీటరుకి ఒక డిగ్రీ చొప్పున కోణం తగ్గుతుంది. ఎముక వెడల్పు కొంతే కాబట్టి, మొత్తం జరిపితే ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలవవు. అందుకని కొద్దిపాటి వంకరకి షెవ్రాన్ చాలు. తీవ్రమైనదానికి, లేదా మొదటి కీలు వదులుగా ఉన్నవాళ్లకి, బందు దగ్గరే సరిచేసే లాపిడస్ కావాలి.

మధ్యస్థంగా ఉన్నవాళ్లకి ఎక్కువగా చేసేది స్కార్ఫ్ అనే కోత. పేరు మెడకి చుట్టుకునే స్కార్ఫ్ నుంచి వచ్చింది కాదు, వడ్రంగం నుంచి వచ్చింది. దూలానికి పొడవు చాలనప్పుడు రెండు ముక్కల కొసల్నీ మెట్టులా, ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి ఆనించి బిగించే అతుకుని ఇంగ్లీషు వడ్రంగులు స్కార్ఫ్ అంటారు. ఆ అతుకు బలమంతా రెండు ముక్కలూ పొడుగ్గా ఆనుకుని ఉండటంలో ఉంది. ఇలాంటి కోతని మేయర్ అనే వైద్యుడు 1926లోనే వివరించినా, సన్నటి స్క్రూలు వచ్చాక, ఫ్రాన్స్‌లో బారూక్ వంటి సర్జన్ల చేతుల్లో 1990లలోనే అది పేరుకెక్కింది.

ఆపరేషన్ గదిలో జరిగేది ఇది. చాలామందికి ఒళ్లు తెలియకుండా మత్తివ్వరు, చీలమండ చుట్టూ నరాలకి మాత్రమే ఇస్తారు. పాదం లోపలి అంచున నిలువుగా కోసి, కీలు మీది పొరని తెరుస్తారు. బొడిపె మీద రెండు మూడు మిల్లీమీటర్ల పొర చెక్కుతారు. పెద్దమ్మ అడిగిన గీకుడు ఇదే, కాకపోతే మొత్తం పనిలో ఇది చిన్న భాగం. తర్వాత అవతలి వైపు కుంచించుకుపోయిన పట్టీలని వదులు చేస్తారు. సన్నటి రంపంతో మెటాటార్సల్‌ని పొడవునా ఇంగ్లీషు జెడ్ అక్షరంలా కోసి, తల ఉన్న కింది ముక్కని రెండో వేలి వైపు, సెసమాయిడ్ల మీదికి తిరిగి వచ్చేట్టు జరుపుతారు. రెండు చిన్న టైటానియం స్క్రూలతో బిగిస్తారు. వేలు ఇంకా కాస్త వాలి ఉందనిపిస్తే, బొటనవేలి ఎముకలోనే సన్నటి చీలిక ముక్క తీసి తిన్నగా చేస్తారు. దీన్ని ఏకిన్ అంటారు, 1925లో దాన్ని ప్రచురించిన సర్జను పేరు మీద. సాగిపోయిన లోపలి పొరని బిగించి కుట్టడంతో ముగుస్తుంది. స్క్రూలు మామూలుగా జీవితాంతం అక్కడే ఉంటాయి.

ఈ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, నెమ్మదిగా తిరిగే బర్ అనే సన్నటి పరికరంతో ఎముకని కోసే పద్ధతి మన పెద్ద నగరాల్లోకీ వచ్చింది. ఎముక వేడెక్కి చచ్చిపోకుండా సెలైన్ పోస్తూ చేస్తారు. గాటు చిన్నది, తొలి రోజుల్లో నొప్పి తక్కువగా ఉండొచ్చు. కానీ చర్మం మీద గాటు చిన్నదైతే ఎముక తొందరగా అతుక్కోదు. ఎముకకి దాని గడువు దానిదే.

ఆ గడువు ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆపరేషన్ చెయ్యించుకునే వాళ్లకి ముందుగా చెప్పాల్సింది ఇదే, చాలామందికి సరిగా చెప్పనిదీ ఇదే. మొదటి రెండు వారాలూ పాదం గుండె కంటే ఎత్తులో, రెండు దిండ్ల మీద ఉండాలి. కుట్లు సాధారణంగా రెండో వారం తర్వాత తీస్తారు. మడమ మీదే బరువు వేసి నడిచే ప్రత్యేకమైన చెప్పుతో సుమారు ఆరు వారాలు గడపాలి. లాపిడస్ అయితే ఇంకా జాగ్రత్త. నేల మీద ముడుచుకుని కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, కింద కూర్చుని కూర తరగడం, ఇవన్నీ వేళ్ల మీద బరువు వేసేవే. ఇంట్లో ముందుగానే కుర్చీ, బల్ల, టాయిలెట్ ఏర్పాటు చూసుకోవాలి. ఆపరేషన్ ఎడమ పాదానికైతే మోటార్‌సైకిల్ గేరు ఎత్తేది ఆ బొటనవేలితోనే అని మరవకండి. కుడి పాదానికైతే బ్రేకుని ఒక్కసారి గట్టిగా తొక్కగలిగేదాకా కారు నడపకూడదు. బల్ల దగ్గర పనిచేసేవాళ్లు కొన్ని వారాల్లో పనిలోకి వెళ్తారు, నిలబడి చేసే టీచర్లకీ నర్సులకీ కొట్టుల్లో పనిచేసేవాళ్లకీ రెండు మూడు నెలలు పట్టొచ్చు. అన్ని రోజుల జీతం పోగొట్టుకోలేని వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. రెండు పాదాలకీ ఒకేసారి చెయ్యాలా వద్దా అన్నది కూడా ఇంట్లో చేయూతనిచ్చే మనిషి ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టే తేల్చుకోవాలి.

బెడిసికొట్టే అవకాశాలూ ఉన్నాయి. చీము పట్టడం, వేలి పక్కన తిమ్మిరి మిగిలిపోవడం, కీలు బిగుసుకుపోవడం, ఎముక అతుక్కోకపోవడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. సరిచెయ్యడం ఎక్కువైతే వేలు అటు కాక ఇటు వాలుతుంది. మెటాటార్సల్ పొట్టిదైతే బరువు పక్క వేళ్ల కిందికి మారి కొత్త నొప్పి మొదలవుతుంది. సిగరెట్ తాగేవాళ్లకి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. పాదానికి రక్తం సరిగా అందని వాళ్లకి అసలు చెయ్యకూడదు. 16 వేలకి పైగా ఆపరేషన్ల ఫలితాలని కలిపి చూసిన 2018 నాటి సమీక్షలో సుమారు పదిమందిలో ఒకరు తృప్తి పడలేదని తేలింది. వంకర కొందరిలో తిరిగి వస్తుంది కూడా. అతృప్తికి ఒక కారణం ఆశే. వేలు తిన్నగా అయినా పాదం సన్నబడిపోదు. సూదిమొన చెప్పుల్లో పట్టే పాదం కోసం ఆపరేషన్ చెయ్యించుకున్న వాళ్లు నిరాశపడతారు. నొప్పి లేకుండా బజారుకి నడిచి వెళ్లాలని చెయ్యించుకున్న వాళ్లలో ఎక్కువమందికి అది దక్కుతుంది.

వాపు మాత్రం అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉంటుంది. మూడు నెలలకి తగ్గుముఖం పడుతుంది, పూర్తిగా పోవడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. సాయంత్రానికి పాదం బరువెక్కడం, పొద్దుటికి తేలికపడటం మామూలే. మన ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది, మెట్టెల గురించి. ఆపరేషన్‌కి ముందు అవి తియ్యాల్సిందే. కొందరికి అది మనసుకి కష్టంగా ఉంటుంది, ఆసుపత్రి వాళ్లు విసుక్కోకుండా ఆ మాట ముందురోజే చెప్పడం మర్యాద. వాపు ఉండగా తిరిగి తొడిగితే రెండో వేలికి రక్తం ఆడదు. వాపు పూర్తిగా దిగాక, కింద చీలిక ఉన్న రకమైతే చేత్తోనే కాస్త వదులు చేసి తొడుక్కోవచ్చు. బొటనవేలు తన చోటుకి తను వెళ్లింది కాబట్టి, ఈసారి మెట్టెకి అది ఒరుసుకోదు.